అయిదో ఎందుకు

పుత్తూరులో సారె పలహారాలు చేయించే ఏకాంబరానికి ఉన్న జబ్బు ఒక్కటే. ఏ పనైనా చక్కగా నడుస్తుంటే ఆయన చూడలేడు. చెడిపోయినదాన్ని బాగుచేసేవాళ్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతారు. బాగున్నదాన్ని పట్టుకుని ఇంకాస్త బాగుచేస్తానని వెంటపడేవాడు మాత్రం పుత్తూరు మొత్తానికి ఏకాంబరం ఒక్కడే. రోజుకో మార్పు చెయ్యనిదే ఆయనకు కాఫీ గొంతు దిగదు. నిన్న బాణలికి ఎడమవైపు ఉన్న నూనె డబ్బా ఇవాళ కుడివైపుకు వస్తుంది. రేపు మళ్లీ ఎడమవైపుకే వెళ్తుంది. కానీ అది పాత ఎడమ కాదట, మెరుగుపడిన ఎడమట.

"నిక్కరేసుకున్నప్పుడే ఇట్ల ఉండె," అంటుంది శకుంతలమ్మ. "పేర్చిన మురుకుల గంప కిందకి ఒంచేసి, మళ్లా పేరస్తా కూసునేవాడు. ఏందిరా అంటే, ఇంగో రెండు పట్టేట్టు సూస్తా ఉండాననేవాడు. రెండు పట్టేది అట్లుండనీ, సగం ఇరిగిపాయ."

అలా అనే హక్కు ఆమెకు ఉంది. ఏకాంబరం వాళ్ల నాయన కాలం నుంచి ఆమె అక్కడ చేతి మురుకులు చుడుతోంది. పెళ్లికూతురితో పాటు అత్తవారింటికి పంపే సారెలో లడ్లు నాలుగు తక్కువైనా ఎవరూ పట్టించుకోరు గానీ, పళ్లెమంత మురుకు లేకపోతే ఆ ప్రాంతంలో మాట పడాల్సి వస్తుంది. అది గొట్టంలో వేసి వత్తే మురుకు కాదు. బియ్యప్పిండి ముద్దను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలితిప్పుతూ, నడిమి నుంచి బయటికి చుట్టు మీద చుట్టు వేసుకుంటూ పోవాలి. చుట్ల మధ్య సందు వచ్చిందంటే నూనెలో విరుగుతుంది. సారె మురుకు విరిగిందంటే పెళ్లివాళ్లు అపశకునం అంటారు.

అందుకే ఏకాంబరం నాయన ఒక కట్టుబాటు పెట్టి పోయాడు. వాకిలికి ఎదురుగా, పెళ్లివాళ్లు రాగానే కనబడేచోట ఒక పెద్ద పీట ఉంటుంది. చుట్టడంలో ఎవరి చెయ్యి అందరికన్నా గట్టిదో వాళ్లే దానిమీద కూర్చోవాలి. చుట్టు తప్పిన రోజున లేవాలి. శకుంతలమ్మకు ముందు అక్కడ పోలేరమ్మ కూర్చునేది. చెయ్యి తప్పాక ఆమెకు వెనక గదిలో అట్టపెట్టెలకు దారాలు కట్టే పని ఇచ్చారు. ఆ తర్వాత పోలేరమ్మ ఉన్నన్నాళ్లూ పెళ్లివాళ్లెవరూ ఆమె ఎక్కడుందని అడగలేదు. ఆ సంగతి శకుంతలమ్మ మరిచిపోలేదు.

ఏకాంబరం జబ్బు ముదిరింది తిరుపతిలో. చిన్న పరిశ్రమల వాళ్ల కోసం అక్కడొక హోటల్లో, నిరంతర మెరుగుదలతో వ్యాపారంలో కొత్తదనం తేవడం ఎలా అని ఒకరోజు సభ పెట్టారు. భోజనం బాగుంటుందని విని చాలామంది వెళ్లారు. భోజనం బాగానే ఉంది. తిన్నాక అందరూ కునుకు తీశారు. ఏకాంబరం ఒక్కడే కళ్లు విప్పార్చుకుని విన్నాడు. పెద్దపెద్ద కార్ల కంపెనీల్లో ఒక తాడు వేలాడుతుందట. తప్పు కనబడితే ఎంత చిన్న పనివాడైనా దాన్ని లాగి మొత్తం పని ఆపొచ్చట. ఆపాక ఎవరు చేశారని తిట్టకూడదట, ఎందుకు జరిగిందని అడగాలట. ఒకసారి కాదు, అయిదుసార్లు. అయిదో ఎందుకు దగ్గర అసలు కారణం దొరుకుతుందట.

తిరిగొచ్చేటప్పుడు బస్సు వడమాలపేట చేరేలోపలే ఆయన కండక్టరుకు టిక్కెట్లు ఇచ్చే పద్ధతిలో రెండు మార్పులు చెప్పాడు. మూడోది చెప్పబోతే కండక్టరు చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

"అన్నా, పుత్తూరు దాకా నిద్రపో. నీకూ మేలు, నాకూ మేలు."

మొదటి దెబ్బ ఇంటిమీద పడింది. ఏ వస్తువు చోటు దానికి ఉండాలని ఏకాంబరం వంటింట్లో ఉప్పుడబ్బా చుట్టూ, పోపులపెట్టె చుట్టూ, చివరికి పాలగిన్నె చుట్టూ కూడా సుద్దముక్కతో గీతలు గీశాడు. ఆయన భార్య పంకజాక్షి ఆ గీతలన్నీ చూసింది. మర్నాడు పొద్దున ఆయన పేపరు చదువుతుంటే వంగి, కుర్చీ చుట్టూ ఒక గీత గీసింది.

"ఇదేంది?" అన్నాడు ఏకాంబరం.

"నీ చోటు. ఇంట్లో ఉన్నంతసేపూ దీంట్లోనే ఉండాల. వంటింట్లోకి కాలు పెట్టకూడదు."

"బాగుండాది పంకజాక్షీ! నువ్వూ మెరుగుపడతా ఉండావు," అని ఆయన మురిసిపోయాడు. ఈ సంగతి సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోయింది.

ఇల్లు అలా చెయ్యిజారిపోయాక ఆయన దృష్టంతా మురుకులు చేసే చోటి మీదికి మళ్లింది. నడిమి దూలానికి ఇత్తడి గంట ఒకటి కట్టించి, దానికి తాడు వేలాడదీసి, అందరినీ పిలిచాడు.

"ఎవురికి యాడ తప్పు కనబడినా దీన్ని లాగండి. గంట మోగతానే అందురూ చేతులు ఆపేయాల. నేనొచ్చి అడగతాను."

"ఏమడగతావన్నా?" అన్నాడు బాణలి దగ్గర ఉండే గిరి.

"ఎందుకు అని."

మొదటివారం గంటకు విశ్రాంతి లేదు. పిల్లి వచ్చిందని ఒకరు లాగారు. టీలో చక్కెర తక్కువైందని ఒకరు లాగారు. వీధిలో పోయేవాళ్లు ఆ చప్పుడు విని, లోపల ఏదో గుడి వెలిసిందనుకుని, చెప్పులు విడిచి చెంపలేసుకుని పోయేవాళ్లు. ఎదురింటి మునెయ్య ఇంకో అడుగు ముందుకేశాడు. రైల్వేలో పనిచేసి దిగిపోయిన పెద్దాయన, ఇంట్లో పొద్దుపోదు. గంట వినబడగానే భుజాన తువ్వాలు వేసుకుని, వాకిట్లో చెప్పులు విడిచి, దోసిలి పట్టుకుని లోపలికొచ్చి నిలబడేవాడు.

"ఇది గుడి కాదు మునెయ్యన్నా," అన్నాడు ఏకాంబరం.

"గంట కొట్టినారా లేదా? కొట్టినాక పెసాదం పెట్టకుండా పంపిస్తే ఎట్లప్పా?"

అది న్యాయంగానే తోచింది. విరిగిన మురుకుల ముక్కలు తెచ్చి దోసిట్లో పోశారు. అప్పటి నుంచి గంట మోగడం, మునెయ్య రావడం, విరిగినవి తువ్వాల్లో మూటగట్టుకుని పోవడం అలవాటైపోయింది.

గంటకన్నా ప్రమాదకరమైనవి ఆ అయిదు ఎందుకులు. ఒకరోజు గిరి ఆలస్యంగా వచ్చి వాటికి దొరికిపోయాడు.

"ఎందుకు ఆలస్యమైంది?"

"బండి కదల్లేదన్నా."

"ఎందుకు కదల్లేదు?"

"పెట్రోలు లేదు."

"ఎందుకు లేదు?"

"నిన్న మా బామ్మర్ది తీసుకోనిపొయి ఊరంతా తిప్పినాడు."

"ఆయప్పకు బండి ఎందుకిచ్చినావు?"

"మా ఇంటామె ఇయ్యమనింది."

"ఆమె ఎందుకియ్యమనింది?"

గిరి చుట్టూ చూశాడు. ఆడవాళ్లంతా చుట్టడం మానేసి చెవులు రిక్కించారు. "వాళ్లమ్మ చేసిన చేపల పులుసును నీళ్లన్నానన్నా. నోరు జారి అనేసినా. ఆ కోపం పోయేదాకా వాళ్లింటోళ్లు ఏమడిగినా ఇయ్యాల్సిందే," అన్నాడు.

ఏకాంబరం గంభీరంగా తల ఊపాడు. "దొరికింది అసలు కారణం! ఈ పొద్దే పొయి పులుసు బాగుండాదని చెప్పు. ఇంగ ఆలస్యం కాదు." ఆ తర్వాత గిరే కాదు, అక్కడ పనిచేసేవాళ్లెవరూ ఆలస్యంగా రాలేదు. అది క్రమశిక్షణ అని ఏకాంబరం అనుకున్నాడు. అయిదో ఎందుకు దగ్గర తమ ఇంటి గుట్టు ఏది బయటపడుతుందోనని వాళ్ల భయం.

శకుంతలమ్మ మాత్రం ఆ తాడు జోలికి పోలేదు. "నేనెందుకు లాగేది? నా చేతిలో తప్పుంటే గదా," అనేది. ఆ మాట అనేటప్పుడు కుడిచెయ్యి కొంగు కింద పెట్టుకునేది.

ఎందుకంటే ఆ చెయ్యి మాట వినడం మానేసింది. వయసు మీద పడ్డాక బొటనవేలు తిమ్మిరెక్కడం మొదలైంది. పిండి ముద్ద పట్టుకుంటే వేళ్ల మధ్య ఏదో ఉందని తెలుస్తుంది గానీ, ఎంత గట్టిగా పట్టుకుందో తెలియదు. వేడినీళ్లలో ముంచి చూసింది. నువ్వులనూనె రాసి చూసింది. పుత్తూరులో విరిగిన ఎముకకు కట్టు కట్టేవాళ్లకు కొదవలేదు గానీ, ఆమెకు విరిగిన ఎముకే లేదాయె. ఇంట్లో కూడా చెప్పలేదు. జీతం గురించి ఆమెకు బెంగ లేదు, వెనక గదిలోనైనా అదే జీతం. ఆ పీట మీద నుంచి లేచిన మర్నాటి నుంచీ తను ఎవరికీ గుర్తుండదని భయం. ఆ భయంతో ఒకటి రెండుసార్లు ఏడ్చింది కూడా. పొద్దున్నే మొహం కడుక్కుని వచ్చి, మళ్లీ అందరికంటే గట్టిగా ఏకాంబరాన్ని వెక్కిరించేది.

మాఘమాసం ముహూర్తాల్లో ఆ గుట్టు బయటపడే రోజు వచ్చింది. గిరి బాణలిలోంచి తీస్తున్న మురుకులు వరసగా విరుగుతున్నాయి. వాటిని పళ్లెంలో సర్దుతున్న లోహిత కొత్తగా చేరిన పిల్ల. తప్పు కనబడితే లాగమన్నారు కాబట్టి తాడు లాగింది. గంట మోగాక గానీ ఆ మురుకులు ఏ పీట ముందు నుంచి వచ్చాయో ఆమెకు తెలియలేదు. తెలిశాక నాలుక కరుచుకుంది.

అందరి చేతులూ ఆగిపోయాయి. మునెయ్య దోసిలితో వాకిట్లోకి వచ్చేశాడు. ఏకాంబరం వచ్చి పెద్ద పీట ముందు గొంతుకూర్చున్నాడు.

"ఎందుకు ఇరిగింది?"

"సుట్ల మధ్య సందు వచ్చింది," అంది శకుంతలమ్మ.

"సందు ఎందుకు వచ్చింది?"

"పిండి ఒగ చోట లావు పడింది, ఒగ చోట సన్నం పడింది."

"ఎందుకట్ల?"

"మెలి సరింగా పడలా."

"మెలి ఎందుకు పడలా?"

"పిండి పట్టు దొరకలేదు ఏకాంబరం."

నాలుగు అయిపోయాయి. అయిదోదానికి జవాబు ఒక్కటే ఉంది, అది కొంగు కింద ఉంది. శకుంతలమ్మ తల దించుకుని, పోలేరమ్మ కట్టిన దారాలను తలుచుకుంది. ఏకాంబరం నోరు తెరిచాడు. ఆయన చూపు పీట మీది నుంచి కొంగు దాకా వచ్చింది. అక్కడ ఒక్క క్షణం తచ్చాడి, గబగబా పైకప్పుకు ఎక్కింది.

"ఫ్యాను!" అన్నాడు.

"ఏందన్నా?" అన్నాడు గిరి.

"ఈ ఫ్యాను గాలికి పిండి ఆరిపోతా ఉండాది. ఆరిన పిండికి పట్టు యాడ దొరకతాది? తియ్యండి దాన్ని!"

"అన్నా, ఎండాకాలం వస్తా ఉండాదే!"

"వస్తే రానీ. పిండి ముఖ్యమా, నువ్వు ముఖ్యమా?"

గిరి దగ్గర దీనికి జవాబు ఉంది గానీ చెప్పలేదు. ఫ్యాను దిగి అటకెక్కింది. శకుంతలమ్మకు ప్రాణం లేచొచ్చింది. "ఆ ఫ్యాను మొదట్నించీ నాకు గిట్టదు. నా మాట ఎవురు వింటారు ఈడ?" అని అందరికంటే ఎక్కువ ఆమే దాన్ని తిట్టింది. తిట్టగా తిట్టగా మధ్యాహ్నానికల్లా తనే ఆ మాట నమ్మేసింది.

మర్నాడు పొద్దున ఏకాంబరం ఆ రోజు మార్పు ప్రకటించాడు. ఇదివరకు ముద్ద నుంచి చివరి చుట్టు దాకా ఎవరి మురుకు వాళ్లే చేసేవాళ్లు. ఇకమీదట చుట్టేవాళ్లు చుట్టి ఊరుకోవాలి. ప్రతి మురుకూ నూనెలోకి పోయేముందు పెద్ద పీట దగ్గరికి రావాలి. శకుంతలమ్మ సందులు చూసి సరేనంటేనే బాణలికి పోవాలి. పిండి కలిపినప్పుడు మెత్తదనం కూడా ఆమే చూసి చెప్పాలి.

"మరి నేను సుట్టేది లేదా?" అంది శకుంతలమ్మ. గొంతులో కోపం ఉంది, దాని అడుగున బెదురు కూడా ఉంది.

"నువ్వు సుడతా కూసుంటే సూసేదెవురక్కా? తప్పును నూనెలో పడినాక పట్టుకుంటే మునెయ్యన్నకు తప్ప ఎవురికీ లాభం లేదు. పడకముందే పట్టుకోవాల. ఆ కన్ను ఈడ నీకు తప్ప ఎవురికుండాది?"

"మీ నాయన పెట్టిన కట్టుబాటు ఏమాయ? పీట సుట్టేవాళ్లది గదా?"

"దాన్ని కూడా మెరుగుపరస్తా ఉండాను. ఈ పొద్దు నుంచీ పీట సూసేవాళ్లది."

ఆమె సణిగింది. ఈ పిచ్చి కూడా వారంలో వదిలిపోతుందనుకుంది. అలా అనుకోవడంలో తప్పులేదు, ఆయన మార్పులన్నీ అలాగే పోయాయి. నూనె డబ్బా తిరిగి తిరిగి అలిసిపోయి మొదటి చోటుకే చేరింది. వంటింట్లో సుద్దగీతలు చెరిగిపోయాయి. కుర్చీ చుట్టూ ఉన్నదాన్ని మాత్రం పంకజాక్షి రోజూ వాకిట్లో ముగ్గుతో పాటు కొత్తగా వేసేది. కానీ ఈ పీట మార్పు పోలేదు. పచ్చి మురుకును వెనక్కి పంపుతూ, ఎక్కడ వేలు ఎత్తారో, ఎక్కడ తొందరపడ్డారో శకుంతలమ్మ తిట్టి మరీ చెప్పేసరికి లోహిత లాంటి కొత్త పిల్లల చేతులు కూడా కుదురుకున్నాయి. విరిగేవి తగ్గి, ఆఖరికి లేకుండా పోయాయి. ఆ ధైర్యంతో ఏకాంబరం అంతవరకు ఎవరూ సాహసించని గొడుగంత మురుకు చేయించాడు. దాన్ని సారెలో చూసినవాళ్లంతా మాకూ కావాలన్నారు. చిత్తూరు నుంచి, నగరి నుంచి కార్లు వచ్చి వీధిలో నిలబడ్డాయి.

నష్టపోయింది ఇద్దరే. మునెయ్యకు ప్రసాదం కరువైంది. గిరికి చెమట ఆగలేదు. చైత్రమాసం వచ్చేసరికి అతను తువ్వాలు పిండితే బకెట్టు నిండేది. "పిండి సల్లంగా ఉండాది గదా, అది సాలు," అని ఏకాంబరం వైపు చూసి పళ్లు కొరుక్కునేవాడు.

వైశాఖంలో ఏకాంబరం మళ్లీ తిరుపతి సభకు పోయిన రోజున, చిత్తూరు నుంచి బెల్లం మండీ వాళ్ల ఆవిడ కూతురి సారె చెప్పడానికి వచ్చింది. మురుకు చేసేది కళ్లారా చూస్తేగానీ బయానా ఇవ్వనని పట్టుచీరతో పెద్ద పీట ఎదురుగా కూర్చుంది. రెండు నిమిషాల్లో చీర ఒంటికి అంటుకుపోయింది.

"ఇదేం అంగడప్పా, ఫ్యాను కూడా లేదా? ఏస్తే కూసుంటా. లేదంటే ఇంగో అంగడికి పోతా," అంది.

ఆ మాట కోసమే పుట్టినట్టు గిరి అటక మీదికి ఎగబాకి, ఫ్యాను దించి, ఆమె మొహం తుడుచుకునేలోపల బిగించేశాడు. ఫ్యాను తిరిగింది. గాలి సూటిగా పిండి మీద పడింది. మురుకులు పీట ముందుకు వచ్చాయి, బాణలికి వెళ్లాయి, ఎర్రగా వేగి పళ్లెంలోకి చేరాయి. ఒక్కటీ విరగలేదు. ఆవిడ బయానా ఇచ్చి వెళ్లిపోయింది. సాయంత్రం దాకా ఫ్యాను తిరుగుతూనే ఉంది, మురుకులు నిక్షేపంగా ఉన్నాయి.

గంట మోగకపోయినా మునెయ్య ఆశగా వచ్చాడు. "ఫ్యాను ఏసినారంట గదా! తెండి ఇరిగినవి."

"ఇరగలా మునెయ్యన్నా," అంది శకుంతలమ్మ.

"ఒగటీ ఇరగలా? ఫ్యాను గాలికే గదా ఇరిగేది? మరి ఆ పొద్దు ఇరిగినవి దేనికి ఇరిగినట్టు?"

ఆయన ముక్కలు దొరకలేదన్న బాధతో అడిగాడు గానీ, ఆ మాట శకుంతలమ్మకు సూటిగా తగిలింది. ఒళ్లో ఉన్న కుడిచెయ్యిని చూసుకుంది. పైన తిరుగుతున్న ఫ్యానును చూసింది. ఏ పాపం ఎరగకుండా ఇన్నాళ్లూ అటక మీద పడి, తన తిట్లన్నీ తిన్నది అది. ఆ రోజు ఏకాంబరం చూపు ఎక్కడ తచ్చాడి ఎక్కడికి పోయిందో ఇప్పుడు గుర్తొచ్చింది. పిల్లిని కూడా అయిదు ఎందుకులు అడగనిదే వదలని మనిషి, ఆ రోజు నాలుగింటి దగ్గర ఆగిపోయాడు.

మర్నాడు ఏకాంబరం లోపలికి అడుగు పెట్టీ పెట్టకముందే గంట మోగింది. తాడు పట్టుకుని నిలబడింది శకుంతలమ్మ. కుడిచేత్తోనే లాగింది. పట్టు కుదరక తాడు ఒకసారి జారింది, అయినా చేతిమీద కొంగు కప్పుకోలేదు.

"నువ్వా అక్కా?" అన్నాడు ఏకాంబరం. "యాడుండాది తప్పు?"

"నీ దగ్గరే ఉండాది. ఆడ్నే నిలబడు. ఈ పొద్దు నేనడగతా. ఫ్యాను ఎందుకు తీయించినావు?"

"పిండి ఆరతా ఉండిందని."

"నిన్న అదే ఫ్యాను కింద ఒగటీ ఇరగలా. ఎందుకు ఇరగలా?"

ఏకాంబరం తలెత్తి ఫ్యానును చూశాడు. తర్వాత గిరిని చూశాడు. గిరి బాణలిని చూశాడు. "పద్ధతి మార్చినాం గదక్కా," అన్నాడు ఏకాంబరం.

"పద్ధతి ఎందుకు మార్చినావు?"

"తప్పును నూనెలో పడకముందే..."

"అదంతా తిరపతి సభలో చెప్పుకో. నన్ను ఆ పీట మీద ఎందుకు ఉంచినావు?"

ఏకాంబరం మెడ తుడుచుకున్నాడు. ఆ కన్ను ఎవరికుంది అని మొదలుపెట్టబోయి మానేశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయనకు ఉన్నదానికంటే మెరుగైన జవాబు తట్టలేదు.

"నిక్కరేసుకున్నప్పట్నించీ ఆడ నిన్నే సూస్తా ఉండానక్కా," అన్నాడు. "అన్నీ మారస్తా గానీ, అదొగటి మార్చేదానికి మనసు రాలా."

గిరి బాణలిలోని చిల్లుల గరిటె ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. లోహిత వేళ్లు మడిచి లెక్కపెట్టి, "నాలుగైనాయి పెద్దమ్మా. ఇంగొగటుండాది," అంది.

"అయిదోది నేనడగను," అంది శకుంతలమ్మ.

"ఎందుకు?" అన్నాడు ఏకాంబరం, అలవాటు కొద్దీ.

"నువ్వూ అడగలేదు గదా. అందుకు."

అంతలో వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడైంది. మునెయ్య దోసిలి పట్టుకుని లోపలికొచ్చాడు. విరిగినవి లేవని లోహిత చెప్పబోయింది. శకుంతలమ్మ పళ్లెంలోంచి ఏ లోపమూ లేని మురుకు ఒకటి తీసింది. కుడిచేత్తో పట్టుకుని, కింద ఎడమచెయ్యి ఊతంగా పెట్టి, అందరూ చూస్తుండగా దాన్ని తానే విరిచి ఆయన దోసిట్లో వేసింది. మునెయ్య కళ్లకద్దుకున్నాడు.

ఏకాంబరం మెడ చాచి చూశాడు. "అక్కా, దాన్ని నడిమిట్లో వేలు పెట్టి ఇరిస్తే ముక్కలు ఇంగా సమంగా వస్తాయి గదా?"

శకుంతలమ్మ చెయ్యి ఎత్తి వాకిలి చూపించింది.

"పంకజాక్షి నీ కుర్చీ సుట్టూ గీసిన గీత ఇంగా ఉండాది గదా? పొయి దాంట్లో కూసో," అంది.